మంట చూడని పలక
(శబ్దం - కులం: 6వ భాగం)

కుప్పంలో ఒక హాస్టల్ గది. రాత్రి పదకొండు దాటింది. ల్యాప్‌టాప్ ముందర మన పిల్లోళ్లు ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. ఒకడిది సీరమ్ పార్టీ, ఇంకొకడిది డీవా పార్టీ. రెండూ సాఫ్ట్‌వేర్ సింథసైజర్లే. "సీరమ్ అంత క్లీన్‌గా ఏదీ పలకదురా" అంటాడు వీడు. "క్లీన్‌గా ఉంటే సరిపోతుందా, ప్రాణం ఉండొద్దా?" అంటాడు వాడు. అర్ధగంట విన్నాను. అంతసేపూ నోరు తెరవని మూడోవాడు అప్పుడు తన ఫోన్ తీసి ఒక రికార్డింగ్ వినిపించాడు. పలక మోత. వాళ్ల పల్లెలో వాళ్ల పెదనాయన కొట్టింది.

అప్పటిదాకా ఉప్పూ నిప్పూగా ఉన్న ఇద్దరూ ఒక్కటైపోయారు. "బాగుంది గానీ నాయిస్ ఎక్కువుంది, క్లీన్ చెయ్యాల" అన్నాడు మొదటోడు. "మాంచి మాస్ ఫీల్ ఉంది, ఒక్క దెబ్బ కట్ చేసి లూప్ వేసుకుందాం" అన్నాడు రెండోవాడు.

పెదనాయన పేరేందని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. ఇద్దరూ మనోళ్లే. అందుకే ఇది రాస్తున్నా.

ముందు సీరమ్ పార్టీకి న్యాయం చేద్దాం. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా లెక్కపెడుతుంది. సీడీ లెక్కలో అయితే సెకనుకు 44,100 ముక్కలు. అందులో సగం, అంటే 22,050కి పైనున్న కంపనాలను అది పట్టుకోలేదు. పట్టుకోలేనివి ఊరికే పోవు, వెనక్కి మడుచుకుని కింద దొంగ స్వరాలుగా తేలతాయి. అదే ఏలియాసింగ్. పై స్థాయి స్వరం నొక్కినప్పుడు చెవిలో గీరినట్టు వినపడే లోహపు చప్పుడు అదే. 2014లో సీరమ్ వచ్చినప్పుడు జనం దాని వెంట పడింది ఈ గీకుడు లేకుండా చేసినందుకే. ఇది కులం కాదు, లెక్క. లెక్క నేర్చుకోవాల్సిందే. "మనకు ఫీల్ ఉంది, టెక్నిక్ ఎందుకు" అనేవాడు మనల్ని ఇంకో వందేళ్లు స్పీకర్లు మోయిస్తాడు, మిక్సర్ దగ్గర కూచోనివ్వడు.

ఇప్పుడు డీవా పార్టీ. 1970లో మినీమూగ్ అనే సింథసైజర్ వచ్చింది. మూడు ఆసిలేటర్లు. లోపలి సర్క్యూట్లు వేడెక్కితే శ్రుతి జారేది, మూడూ కచ్చితంగా ఒకచోట నిలబడేవి కావు. ఆ కొంచెం తేడా వల్లనే దాని శబ్దం బరువుగా, కండపట్టినట్టు ఉండేది. ఇవాళ దాన్ని ఆరాధిస్తారు. 2011లో వచ్చిన డీవా ఆ పాత సర్క్యూట్ల నడకను సాఫ్ట్‌వేర్‌లో దించడానికి కంప్యూటర్ ప్రాసెసర్‌ను పిండేస్తుంది. శ్రుతి జారడం ఒకప్పుడు రోగం. ఇప్పుడు ఆ రోగాన్ని తెచ్చిపెట్టడానికి కోడ్ రాస్తున్నారు, దానికి పేరు క్యారెక్టర్.

మరి పలక సంగతేంది? కొట్టే ముందు మంట వేసి కాచాల. వేడికి తోలు బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. వాయిస్తా పోతే, చలిగాలి తగిలితే దిగుతుంది. మళ్లీ మంట. ప్రతి దెబ్బకూ ఆ వేడి లెక్క ఉంది. అంటే మినీమూగ్‌లో జరిగిందే పలకలోనూ జరుగుతోంది: వేడికి శ్రుతి కదలడం. అక్కడ దాని పేరు వార్మ్‌త్. ఇక్కడ దాని పేరు నాయిస్. తేడా చెవిలో లేదు. ఎవడి చేతిలో కదిలింది అన్నదాంట్లో ఉంది.

ఇది మనకొక్కరికే జరిగిన అన్యాయం కాదు. 1980లో రోలండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. అందులో కొన్ని శబ్దాల కోసం లోపమున్న ట్రాన్సిస్టర్లనే ఏరి వాడారు. అసలు డ్రమ్ముల్లా లేదని చాలామంది పెదవి విరిచారు. సుమారు 12,000 తయారు చేసి 1983కల్లా ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవకైన ఆ పెట్టెను చేతిలోకి తీసుకున్నవాళ్లు అమెరికాలో నల్లజాతి పిల్లలు. హిప్‌హాప్ దాని మీద నిలబడింది. ఇవాళ ఆ 808 దెబ్బ లేని పాట సినిమాలో వెతుక్కోవాల. క్వాలిటీ లేదన్నదాన్నే చరిత్ర అని నెత్తిన పెట్టుకున్నారు. పెట్టె మారలేదు. తీర్పు చెప్పేవాళ్లు మారినారు.

మదనపల్లె వాళ్లకు ఇంకో కథ తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నాడు. 'జనగణమన' పాడి వినిపించాడు, ఇంగ్లీషులోకి అనువదించింది కూడా అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది. ఏ స్వరం, ఎంతసేపు అన్నది కాగితం ఎక్కింది. ఠాగూర్ గొంతు ఎక్కలేదు. అది ఆమె తప్పు కాదు, కాగితం హద్దు అంతే. 1983లో వచ్చిన మిడి కూడా అట్లాంటి కాగితమే. ఏ మీట నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు అని రాసుకుంటుంది. గట్టితనానికి 128 మెట్లు.

పలక దెబ్బ గట్టితనం ఒక్కటేనా? కుడిచేతి సిర్ర వేరు, ఎడమచేతి చిటికెన పుల్ల వేరు. నడిమధ్యన పడితే ఒక పలుకు, అంచున పడితే ఇంకో పలుకు. కాచిన అయిదు నిమిషాలకు ఒకటి, అర్ధగంటకు ఒకటి. 128 మెట్ల నిచ్చెన వేసి ఇదంతా ఎక్కమంటే ఎట్లా?

"సాధ్యం కాదులే అన్నా, టెక్నాలజీ హద్దు" అంటారు. అబద్ధం. పియానో కోసం ఏం చేశారో చూడండి. ఒక్కో మీటను మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా, పది పదిహేను మెట్లలో రికార్డు చేశారు. మీట వదిలినప్పుడు వచ్చే చిన్న టక్కు శబ్దాన్ని కూడా వదలలేదు. ఒక్క పియానో లైబ్రరీ కొన్ని గిగాబైట్లు ఉంటుంది. అదే దెబ్బ రెండుసార్లు వింటే మెషీన్‌లా ఉంటుందని, ఒకే దెబ్బను నాలుగైదుసార్లు తీసి వంతులవారీగా వాడతారు. పియానో టక్కు శబ్దం నాయిస్ కాలేదు, వివరం అయింది. మన పలకకు నాకు దొరికిన చోటల్లా ఒక్క దెబ్బ, రెండు లూపులు, మీద 'ఫోక్' అని చీటీ. క్వాలిటీ అంటే ఆకాశం నుంచి ఊడిపడిన గుణం కాదు. క్వాలిటీ అంటే ఖర్చు. ఎవరి శబ్దం మీద ఎంత కాలం, ఎంత డబ్బు, ఎంత శ్రద్ధ పెట్టారు అన్నదే క్వాలిటీ. దాన్ని ఎగ్గొట్టి, మీ శబ్దంలో క్వాలిటీ లేదనడం బావి తవ్వనీకుండా దాహానికి నవ్వడం.

శాస్త్రీయ సంగీతం ఈ మరకకు దూరమనుకునేరు. మృదంగం నాదం గొప్పదంటారు. ఆ తోలు సాపు చేసి, మూతలు కట్టి, నాదం పుట్టించే చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవుల చేతులు. 2020లో టి.ఎం. కృష్ణ ఆ చేతుల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాస్తే, ఆవిష్కరణకు ఇచ్చిన హాలు అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. నాదం కావాల, చెయ్యి వద్దు.

క్యారెక్టర్ పార్టీ చేసేదీ అదే. క్వాలిటీ పార్టీ మనల్ని గడప బయట నిలబెడుతుంది. క్యారెక్టర్ పార్టీ మన శబ్దాన్ని లోపలికి తీసుకుపోయి మనల్ని గడప బయటే వదిలేస్తుంది. 'రా', 'మాస్', 'మట్టి వాసన' అని పొగుడుతూ కత్తిరించుకుని పోతుంది. పేరు లేదు, కూలి లేదు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలో, కుప్పం గంగమ్మ జాతరలో చెవులు రిక్కించి వినే మోత ఎవరిది? బయటి ఊళ్ల ప్రోగ్రాముల్లో నేను చూసింది చెప్తున్నా: ప్యాడ్ వాయించేవాడు వేదిక మీద, మైకు ముందర. ప్యాడ్‌లో ఉండేది పలక శబ్దమే. పలకలోళ్లు కింద, దుమ్ములో.

ఇప్పుడు మన పెద్దోళ్లతోనూ ఒక మాట. "మెషీన్ వచ్చి పలకను చంపింది" అని ఏడవొద్దు. పలక మనకు సంగీతం మాత్రమే కాదు, వెట్టి కూడా. చావుకు కొట్టు, చాటింపుకు కొట్టు, కొట్టకపోతే ఊరి నుంచి వెలి. ఇంక కొట్టమని పలక అటక మీద పడేసిన తాతలు సంగీతాన్ని కాదనలేదు, బానిసతనాన్ని కాదన్నారు. వాళ్ల కోపం లేకపోతే ఇవాళ మనకు ఆ హాస్టల్ గదీ లేదు, ల్యాప్‌టాపూ లేదు. పైగా పలక ముట్టుకోనీయని ఆడపిల్లకు ల్యాప్‌టాప్ అడ్డు చెప్పదు. దాన్ని తాకితే మైల పడిందనేవాడూ లేడు. వైటల్, సర్జ్, డెక్స్‌డ్ లాంటి మంచి సింథులు డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. నేను సింథ్ పక్షమే. చేతిని చెరిపేసే సింథ్‌కు మాత్రమే వ్యతిరేకిని.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పని చెప్తున్నా. ఏలియాసింగ్ అంటే ఏందో, ఓవర్‌శాంప్లింగ్ దాన్ని ఎట్లా తగ్గిస్తుందో గట్టిగా నేర్చుకోండి. నేర్చుకుని మన పలకకు పియానోకు చేసిన మర్యాద చేయండి. సిర్ర వేరుగా, పుల్ల వేరుగా, నడిమి వేరుగా, అంచు వేరుగా. కాచక ముందు, కాచినాక. ప్రతి దెబ్బ నాలుగైదుసార్లు. మంట చిటపటను కొట్టేయొద్దు, దాన్ని కూడా ఒక ఫైలుగా పెట్టండి. కుప్పం మూడు రాష్ట్రాల ముడి. గీత దాటితే అటు పరై, ఇటు తమటె. మూడింటినీ పక్కపక్కన పెట్టండి. ప్రతి ఫైలు మీద కొట్టినవాళ్ల పేరు రాయండి, వాళ్లు సరే అంటేనే. వాడుకున్నవాడు వాళ్లకు డబ్బు ఇవ్వాలని షరతు రాయండి. కొట్టను అన్న పెద్దాయనను బతిమాలొద్దు, దండం పెట్టి రండి.

ఆ మూడో పిల్లోడు మొన్న ఫోన్ చేశాడు. మైకు అరువు తెచ్చుకుని ఊరికి పోయినాడంట. గాలి శబ్దం పడకూడదని గదిలో తలుపులేసి పరుపులు ఆనించి అంతా సిద్ధం చేస్తే, పెదనాయన పలక పట్టుకుని గడపలోనే నిలబడి అడిగినాడంట:

"మరి మంట యాడ పెడతావురా?"

ఇద్దరూ పరుపులు తీసేసి, మైకు ఎత్తుకుని వాకిట్లోకి వచ్చినారంట.

జై భీమ్.