మందిరంలోనే మరుగైన గ్రంథం
యూదా రాజైన యోషీయా తన ఏలుబడి 18వ ఏట యెరూషలేములోని దేవుని మందిరానికి మరమ్మతులు చేయించాడు. ఆ సమయంలో ప్రధాన యాజకుడు హిల్కీయాకు అక్కడే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. మందిరం ఉంది, యాజకులున్నారు, వాక్యం మాత్రం మరుగున పడింది!

శాస్త్రియైన షాఫాను దాన్ని చదువుతుంటే విన్న రాజు దుఃఖంతో బట్టలు చింపుకున్నాడు. ప్రజలందరినీ సమకూర్చి, ఆ గ్రంథాన్ని వారికి వినిపించాడు. దేశంలోని విగ్రహాలను తొలగించాడు. వాక్యం విని అతని మనసు మెత్తబడింది గనుకే దేవుడు అతని మొర ఆలకించాడంటుంది బైబిల్.

నేడు ఎన్నో ఇళ్లలో బైబిల్ అల్మారాలో భద్రంగా ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడే బయటికొస్తుంది. ఇంట్లో ఉన్నంత మాత్రాన వాక్యం హృదయంలోకి రాదు. రోజూ ఒక్క అధ్యాయమైనా శ్రద్ధగా చదివి, దానికి లోబడే మనసే మొద్దుబారకుండా దేవునికి దగ్గరగా ఉంటుంది.