సుభిక్షంలో దాగిన బిచ్చం

ఉగాది రోజు పంచాంగ శ్రవణం వినే అలవాటు మా ఇంట్లో ఇంకా ఉంది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అన్నీ అయ్యాక "దేశం సుభిక్షంగా ఉంటుంది" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చిన్నప్పట్నుంచీ వింటున్నా, సమృద్ధి అనుకుని వదిలేశానే గానీ ఆ మాటని విడగొట్టి చూడాలని మొన్నటిదాకా తోచలేదు.

సు + భిక్ష. అంతే! భిక్ష తేలిగ్గా దొరికితే సుభిక్షం, దొరక్కపోతే దుర్భిక్షం. పాళీ ప్రాకృతాల్లో ఇవే సుభిక్ఖ, దుబ్భిక్ఖ. మన బిచ్చం కూడా ఈ భిక్షకి వికృతే. అంటే, ఇంత గంభీరమైన మాట లోపల ఓ భిక్షాపాత్ర ఉందన్నమాట. ఒక ఊరు బాగుందా లేదా అన్నది రాజుగారి ఖజానా చూసో, షావుకారు గాదె చూసో కాదు, ఖాళీ గిన్నెతో వీధిలో నడిచేవాణ్ణి చూసి చెప్పారు.

పాళీ వినయపిటకంలో వైశాలి వైభవం చెప్పేటప్పుడు మేడలూ జనసమ్మర్దమూ చెప్పి సరిపెట్టలేదు, సుభిక్ఖ అని కూడా చేర్చారు. అదే పిటకంలో వేరంజ అనే ఊళ్ళో కరువు. భిక్ష పుట్టక, అక్కడ 500 గుర్రాలతో మకాం వేసిన వర్తకులు ఇచ్చిన గింజలు దంచుకుని తిన్నారు భిక్షువులు. గమనించారా? మనిషికి మెతుకు దొరకని ఊళ్ళోనే 500 గుర్రాలకి దాణా ఉంది!

1943 బెంగాల్ కరువు గురించి అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో వాదించిందీ దాదాపు ఇదే. తిండి లేక కాదు, ఉన్న తిండి అందక జనం పోయారని.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. సర్వర్ సగటు రెస్పాన్స్ టైమ్ చూపించి "అంతా బావుంది" అంటే మనం ఒప్పుకుంటామా? పీ99 ఎంత అని అడగమూ? సగటు బ్రహ్మాండంగా ఉన్నా ఆ చివరి ఒక్క శాతం వాళ్ళు తెర ముందు పడిగాపులు పడుతుండొచ్చు. సుభిక్షం అలాంటి కొలతే. తలసరి ఆదాయం సగటు, సుభిక్షం పీ99.

"బిచ్చం ఓ కొలమానమా, అసలు అడుక్కునే అవసరమే ఉండకూడదు కదా" అనొచ్చు మీరు. నిజమే. కానీ ఆ మాట ఒకేసారి రెండు కొలుస్తోంది. ఇంట్లో మిగులుందా, ఉన్నది పెట్టే మనసుందా అని. మొదటిది మనవాళ్ళకి బాగానే ఉంది. రెండోదే అనుమానం.

మా ఆఫీసు కెఫెటీరియాలో రోజూ బోలెడు అన్నం మిగుల్తుంది. హౌస్‌కీపింగ్ చేసే అక్క మాత్రం మెట్ల కింద కూర్చుని డబ్బా తింటుంది. ఆవిడ బ్యాడ్జికి ఆ తలుపు తెరుచుకోదు. ఏడేళ్ళుగా పక్కనుంచే వెళ్తున్నా, ఎందుకని ఒక్కసారీ అడగలేదు నేను. మొన్న సోమవారం ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

మీ ఆఫీసులో ఆ తలుపు ఎవరికి తెరుచుకోదో ఓసారి చూడండి.