చెయ్యి చూసి చేసే కత్తి

పనసపొట్టు కొట్టే కత్తితో వంకాయ తరగలేం. వంకాయలు తరిగే కత్తిపీటతో కల్లు గీయలేం. కల్లు గీసే కత్తితో కొబ్బరిబొండాం కొట్టబోతే బొండాం సంగతేమోగానీ కత్తి వాదర కాస్తా చిట్లిపోతుంది. గోదావరి జిల్లాలవారికి ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. ఎవరి పనికి తగ్గ కత్తి వారిది. ఇంకొంచెం లోతుకెళితే, ఎవరి చేతికి తగ్గ కత్తి వారిది. కొలిమి దగ్గర కూర్చుని, ఇలా కావాలని చెప్పి చేయించుకున్నది.

సరిగ్గా ఇలాంటి కత్తుల కోసమే విదేశాల్లో కొందరు నెలలూ ఏళ్లూ ఎదురుచూస్తారు. మడతపెట్టి జేబులో వేసుకునే చాకులు కాదు, పిడిలోకి కదలకుండా బిగించిన కత్తులు. ‘కస్టమ్ మేడ్’ అనీ ‘లిమిటెడ్ ఎడిషన్’ అనీ వాటికి పేర్లు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన బో రాండల్ 1930ల చివర్లో సరదాగా కత్తులు చేయడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు అవే కావాలని కోరి తెప్పించుకోవడంతో ఆ సరదా కాస్తా వ్యాపారమైంది. 1953లో బాబ్ లవ్‌లెస్ అనే ఓడ పనివాడు న్యూయార్క్‌లోని ఓ పెద్ద దుకాణానికెళ్లి రాండల్ కత్తి కావాలని అడిగితే తొమ్మిది నెలలు ఆగాలన్నారు. అంత ఓపిక లేదాయనకు. పాత ఇనప సామాన్ల కొట్లో దొరికిన 1937 నాటి ప్యాకార్డ్ కారు స్ప్రింగు ముక్కను ఓడలోని వంటపొయ్యి మీద కాల్చి సొంతంగా కత్తి చేసుకున్నాడు. 2010లో కన్నుమూసేనాటికి ఆ రంగంలో ఆయనది తిరుగులేని పేరు. ఆయన చేతి కత్తి వేల డాలర్లు పలికేది.

పాత కారు స్ప్రింగుతో కత్తా! ఈ కథ మన కమ్మరికి చెబితే ‘ఇందులో విశేషమేముంది’ అంటారు. లారీ కమానుకట్టలే కదా ఆయన ముడిసరుకు! బరువుకు వంగి మళ్లీ నిటారుగా లేవాలి కాబట్టి కమానుకట్టను మంచి ఉక్కుతో చేస్తారు. అందులో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. మామూలు ఇనుము ఎంత సానపట్టినా పదును నిలవదు, ఇది నిలుస్తుంది.

ఆ మాటకొస్తే గోదావరి తీరానికి ఉక్కు విద్య చాలా పాతది. ఎగువన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యే ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ వాయ్‌సీ అనే శాస్త్రవేత్త రాసిపెట్టాడు. ప్రపంచమంతా మెచ్చుకున్న డమాస్కస్ కత్తులకు ఇలా మన దేశం నుంచి వెళ్లిన ఉక్కే ఆధారం.

రంగు చూసి పదును

ఇంతకీ ఒక్కో కత్తి ఒక్కోలా ఎందుకుండాలి? పనసపొట్టు కత్తి వెన్ను మందంగా, బరువుగా ఉండాలి. పొట్టు కొట్టేవారు బలంతో కాదు, కత్తి బరువుతోనే పని చేయించుకుంటారు. గీత కత్తి దానికి పూర్తిగా వ్యతిరేకం. తాటి గెల చివర పొరలా పల్చగా చెక్కాలి. మందంగా తెగితే గెల తొందరగా అరిగిపోతుంది, కల్లు ధార తగ్గుతుంది. చేపలు కోసే కత్తిపీట మాటేమిటంటే, కాలికింద కదలకుండా నిలబడాలి. అప్పుడే చేపను రెండు చేతులతోనూ తిప్పుకోవచ్చు.

ఆకారం సరే, అసలు కిటుకు పదును పెట్టడంలో ఉంది. ఎర్రగా కాలిన కత్తిని నీళ్లలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది. కానీ అది గాజులాంటి గట్టిదనం, దెబ్బ తగిలితే పెళుక్కుమంటుంది. అందుకే మళ్లీ సన్నసెగ మీద కాస్త కాకపెడతారు. అప్పుడు మెరుగుపెట్టిన ఉక్కు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తరవాత గోధుమ, ఊదా, నీలం. ఎండుగడ్డి రంగు 220-230 డిగ్రీల దగ్గరా, నీలం 300 డిగ్రీల దగ్గరా కనిపిస్తుంది. సన్నగా చెక్కే కత్తికి మొదటి రంగు దగ్గరే ఆపితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది. దెబ్బలు కాచుకోవాల్సిన కత్తికి ఇంకాస్త ముందుకు పోనిస్తే చిట్లదు. ఏ థర్మామీటరూ లేకుండా కంటితో చూసి తేల్చే లెక్క ఇది.

ఆ లెక్క సరిగ్గా కుదరాలంటే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. కత్తి దేనికి? వాడేది ఆడవాళ్లా మగవాళ్లా? ఎడమచేతి వాటమా? వరికోత కొడవలికి కక్కు ఒకవైపే కొడతారు. ఎడమచేత్తో కోసేవారికి అది రెండోవైపు కొట్టాలి. దుకాణంలో కట్టలుగా అమ్మే కొడవళ్లు ఈ ప్రశ్నలు అడగవు.

మూడు రోజుల కత్తి

నిజంగా ‘లిమిటెడ్ ఎడిషన్’ అనదగ్గ కత్తి కూడా గోదావరి జిల్లాల్లో ఒకటుంది. సంక్రాంతి మూడు రోజుల కోసం చేసే కోడికత్తి. వేలెడంత ఉక్కుముక్క. దాని తయారీలో నైపుణ్యం ఉందనడంలో సందేహం లేదు. కానీ జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందేలను అడ్డుకోవాలని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా ఆదేశించింది. ఏటా పండగ ముందు పోలీసులు కత్తులు పట్టుకోవడం, పందెంరాయుళ్లు కొత్తవి సంపాదించడం మామూలైపోయింది. గీత కత్తికీ కోడికత్తికీ పదును పెట్టేది ఒకే విద్య. మొదటిది ఓ ఇంటికి కూడు పెడుతుంది, రెండోది నోరులేని ప్రాణం తీస్తుంది. చట్టానికీ ఈ తేడా తెలుసు. తొమ్మిది అంగుళాల కన్నా పొడవైన లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పైన కత్తులను ఆయుధాల నిబంధనలు మారణాయుధాల్లో చేర్చినా, ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడేవాటిని మాత్రం మినహాయించాయి.

అడిగేవారేరీ?

ఒకప్పుడు ఊళ్లో కమ్మరికి కళ్లంలోనే మేర కొలిచేవారు. ఏడాదంతా కొడవళ్లూ గొడ్డళ్లూ ఆయన పూచీ. కోత యంత్రాలు పొలాల్లోకి దిగాక కొడవళ్ల గిరాకీ పడిపోయింది. నిలబడి వండుకునే గట్టు వచ్చాక కత్తిపీట మూలకు చేరింది. చెట్టెక్కేవారి పిల్లలు చెట్టెక్కడం లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరమూ ఉంది. పరికరాలకు 15 వేల రూపాయలు, అయిదు శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. మంచిదే. కొలిమికి కొత్త సుత్తి వస్తుంది. కానీ నాకిలాంటి కత్తి కావాలని అడిగేవారు రాకపోతే ఆ సుత్తి చేసే పనేముంటుంది? రంగు చూసి పదును తేల్చే విద్య పుస్తకాల్లో కన్నా చేతుల్లో ఉంటుంది. చేసే పనిలేకపోతే చెయ్యి మరిచిపోతుంది.

అటకమీద అమ్మమ్మ కత్తిపీట ఉంటే పాత ఇనుముకు వేయకండి. ఓసారి కొలిమికి తీసుకెళ్లండి. పదును పెట్టించేటప్పుడు ఒక్క జాగ్రత్త... కరెంటు సానచక్రం మీద కత్తి నీలంగా మారిందంటే కాక ఎక్కువై వాదర మెత్తబడ్డట్టే. చక్రం మీద పట్టేవారిని మధ్యమధ్య నీళ్లలో ముంచమని అడగండి. వాడాక కడిగి, తడి తుడిచి, కాస్త కొబ్బరినూనె రాస్తే తుప్పు పట్టదు. పనసకాయ కోసేముందు కూడా నూనె రాస్తే జిగురు అంటదు. కొత్తది చేయించుకునేటట్లయితే ఎవరు వాడతారో, ఏం కోస్తారో, ఏ చేతి వాటమో ముందే చెప్పండి. ఇక మిగతాది కమ్మరికి వదిలేయండి.