పాపికొండల నడుమ ఒకదినము

గోదావరీతీరమున పుట్టి పెరిగినవారిలో సయితము పాపికొండలను చూడనివారు పెక్కుమంది గలరు. గడచిన కార్తికమాసమున మేము కొందరము గండిపోచమ్మ ఆలయము కడ లాంచి నెక్కి, ఆ కొండలనడుమ పగలెల్ల గడపి, ప్రొద్దుగ్రుంకువేళకు మరలివచ్చితిమి. ఆ యాత్రను గూర్చి నాకు తోచినది చెప్పెదను.

రాజమహేంద్రవరము కడ సముద్రమును తలపించు నది ఇచ్చట ఇరుకుదారిని పోవు బాటసారివలె ఒదిగి సాగుచున్నది. మలుపు మలుపునకు ముందున్న కొండ దారి మూసినట్లే యుండును; దగ్గరకు పోగా తొలగి త్రోవ యిచ్చును. వెదురుపొదలు, మద్దిచెట్లు నీటియంచువరకు దిగివచ్చినవి. ఇంతటి చోటును చూడవచ్చియు మావారు పాటలపెట్టె కట్టనిచ్చిరి కారు. లైఫ్ జాకెట్లను ఉక్కపోయుచున్నదని విప్పి తలక్రింద పెట్టుకొనిరి! 2019 సెప్టెంబరులో కచ్చులూరు కడ వరదలో లాంచి మునిగి నలువదిమందికి పైగా మరణించిరని అందరును ఎరిగినవారే.

నడుమ ఒక రేవున దిగితిమి. కొండరెడ్డి స్త్రీ యొకతె వెదురుతో అల్లిన బుట్టలు అమ్ముచుండెను. మాలో ఒకడు పది రూపాయలు తగ్గింపుమని చాలసేపు బేరమాడెను. ఆమె బదులాడక బుట్ట చేతికిచ్చినది. నాకు సిగ్గు కలిగినది.

ఏలయన, ఆమెవంటివారికి మనము పడిన ఋణము పది రూపాయలతో తీరునది కాదు. పోలవరము కడ కట్టుచున్న జలాశయము నిండుమట్టము సముద్రమట్టమునకు 150 అడుగుల ఎత్తు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మరల్చిన పిదప దేవీపట్నము మొదలైన ఊళ్లను నీరు ముంచెత్తినది. ఆనకట్టలు వలదని నేననను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనందుననే మా డెల్టా పచ్చబడినది. ఆ నీట పండిన బియ్యమే తిని పెరిగితిని. కాని నాడు నీరు పుచ్చుకొన్న మనమే నేడును పుచ్చుకొనువారము. ఊరు విడుచువారు మాత్రము వేరు. వారికి ఇల్లొక్కటి కట్టించిన చాలదు. అడవిలో తేనె, చింతపండు, వెదురు ఏరుకొని బ్రతికినవారికి అడవి లేనిచోట ఇల్లెందులకు? ఈ లెక్క తేలకముందు మనము పొలములకు నీరడుగుట న్యాయము కాదని నా అభిప్రాయము.

తిరుగుదారిలో సరంగు నన్ను పిలిచి, నీటిపై జానెడు కనబడుచున్న మోడునొకదానిని చూపెను. "మా రచ్చబండ చింత బాబూ! దాని క్రిందనే పంచాయతీ జరిగేది" అనెను. ఇంకేమో చెప్పబోయెను గాని, వెనుక పాటలహోరులో నాకు వినబడలేదు.