గురుత్వాకర్షణ అనేది జవాబు కాదండీ!

"చందమామ కింద ఎందుకు పడడు?" అని పిల్లాడు అడుగుతాడు. "గురుత్వాకర్షణ" అంటాం. వాడు నోరు మూసుకుంటాడు. మనం జవాబు చెప్పేశామని చంకలు గుద్దుకుంటాం. నన్నడిగితే దీనికన్నా "సప్పుడు చెయ్యకురా" అనడమే నయం. తనకి జవాబు దొరకలేదన్న సంగతైనా వాడికి తెలుస్తుంది.

అసలు ఆ జవాబులో ఏముందండీ? ఆకర్షణ ఉంటే చంద్రుడు పడాలి కదా, వాడి ప్రశ్నే అది! నిజానికి చంద్రుడు పడుతూనే ఉన్నాడు. కాకపోతే సెకనుకి దాదాపు కిలోమీటరు వేగంతో పక్కకి కూడా పోతున్నాడు. భూమి గుండ్రం కాబట్టి ఎంత పడ్డా నేల అందదు. రాయి మెల్లగా విసిరితే దగ్గర పడుతుంది, గట్టిగా విసిరితే దూరం పడుతుంది, ఇంకా ఇంకా గట్టిగా విసిరితే? న్యూటన్ కూడా కొండమీది ఫిరంగితో చెప్పింది ఇదే. ఐదో క్లాసు పిల్లలకి అర్థం కానిదేం కాదు.

"అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే తేలతారు" అని నా పక్క సీటు ఇంజనీర్లే అంటుంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ ఆకర్షణ నేలమీద ఉన్నదాంట్లో ఇంచుమించు 90 శాతం! కేంద్రమూ, మనుషులూ కలిసి పడుతుంటారు కాబట్టి తేలతారు. సర్వర్ ఎందుకు పడిపోయిందంటే "సాంకేతిక లోపం" అని రాస్తే మేనేజర్ ఊరుకుంటాడా? మరి పిల్లలకి మాత్రం అదే చాలా?

పేరు తెలిస్తే విషయం తెలిసినట్టు కాదు. మాది కేసముద్రం. పేరులో సముద్రం ఉంది, ఊళ్ళో మాత్రం మిర్చి మార్కెట్టుంది :) 1969లో అపోలో 11 దిగిన చోటు పేరు ప్రశాంత సాగరం. అదో గడ్డకట్టిన లావా మైదానం. నల్లమచ్చల్ని చూసి సముద్రాలనుకున్న పాతకాలపు వాళ్ళు పెట్టిన పేరు అలా ఉండిపోయింది.

"మాకూ అన్నీ తెలియవు కదా" అంటారా? తెలీదని చెప్పి, కలిసి చూడండి. చందమామ మనతోటే ఎందుకొస్తున్నడని రైల్లో అడిగితే కిటికీ చూపించండి. స్తంభాలు పరిగెత్తుతాయి, దూరపు గుట్టలు మెల్లగా కదులుతాయి. మరి 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు కదిలినట్టు కనిపిస్తాడా? కాజీపేట - విజయవాడ లైన్లో ఏ బండెక్కినా ఈ ప్రయోగం ఫ్రీ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే.. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. చంద్రుడు ఎర్రబడ్డాడు. టీవీల్లో జ్యోతిష్కులు ఏ రాశికి ఏ ముప్పో ఓపిగ్గా, కథలు కథలుగా చెప్పారు. సైన్సు చదివిన మనమేమో "భూమి నీడ" అని రెండు ముక్కలు పడేశాం. నీడైతే నల్లగా ఉండాలి కదా? భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి, నీలం చెదిరిపోయి, మిగిలిన ఎరుపు చంద్రుడి మీద పడుతుంది. అంటే ఆ క్షణాన లోకంలోని సూర్యోదయాలూ, సూర్యాస్తమయాలూ అన్నీ కలిసిన వెలుగది! ఇంత గొప్ప కథ చేతిలో పెట్టుకుని రెండు ముక్కలతో సరిపెడితే, పిల్లాడు కథ చెప్పేవాడి వెనకాలే పోతాడు. తప్పు వాడిదా?

పిల్లలు అడిగితే ముందు సంగతి చెప్పండి. పేరు చివర్లో చెప్పొచ్చు. చెప్పకపోయినా నష్టం లేదు.