నిద్రపోతున్న ఫోనుకు జోల ఎందుకు?



మన గ్రూపులో మళ్ళీ అదే మెసేజి తిరుగుతా ఉంది. స్క్రీను ఆరినప్పుడు ప్రాసెసరు వేగం తగ్గించే యాప్ వేసుకుంటే ఛార్జి రెండు రోజులు నిలబడుతుందట! పంపినవాళ్ళ మనసు మంచిదే. మాట మాత్రం తప్పు.

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. 2010 ప్రాంతంలో ఆండ్రాయిడ్ ఫోనును రూట్ చేసి, సెట్‌సీపీయూ అనే యాప్ వేసి, స్క్రీను ఆరితే వేగం ఇంతకు మించకూడదని కట్టడి పెట్టేవాళ్ళు. ఆ కాలం పోయింది. ఇప్పుడు పనిని బట్టి వేగం పెంచడం, తగ్గించడం ఫోనే చూసుకుంటుంది. పని లేకపోతే ప్రాసెసరును నిద్రపుచ్చుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6లో డోజ్ అనే ఏర్పాటు కూడా చేశారు. ఛార్జరు లేకుండా, కదలకుండా, స్క్రీను ఆరి ఉన్న ఫోనులో యాప్‌ల పనులు ఆపి, మధ్యమధ్య కొంచెంసేపే వదులుతుంది. రూట్ చేయని ఫోనులో బయటి యాప్ ఏదీ ప్రాసెసరు వేగాన్ని మార్చలేదు. మరి మీరు వేసుకున్న యాప్ ఏం చేస్తుంది? ప్రకటనలు చూపిస్తుంది. వెనకాల తానే మేలుకొని ఛార్జి తింటుంది.

"నిజంగా వేగం తగ్గితే మంచిదే కదా" అంటారు. మనలో రైల్వేలో పనిచేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళనడగండి. గూడ్సు బండి నత్తనడక నడిస్తే సెక్షను ఖాళీ కాదు, వెనక బండికి సిగ్నలు పడదు. ఫోనూ అంతే. వచ్చిన చిన్న పనిని మరీ ఈడ్చి ఈడ్చి చేయిస్తే, అది అయ్యేదాకా మెమరీ, మిగతా భాగాలు అన్నీ మేలుకొనే ఉండాలి. పని ముగించి త్వరగా పడుకోవడమే చాలాసార్లు లాభం.

స్టాండ్‌బైలో ఛార్జి తినేది ఫోను నిద్ర చెడగొట్టేవి. సిగ్నలు సరిగా అందని ఇల్లు ఒకటి. ఊరికే లొకేషన్ చూసే యాప్‌లు ఒకటి. ఇంకొకటి మన గ్రూపే! తెల్లవారితే వరసగా గుడ్‌మార్నింగ్ బొమ్మలు, వీడియోలు. ఒక్కొక్కటీ ఫోనును తట్టి లేపుతుంది.

అసలు నా బాధ వేరే. బ్యాటరీ ఆదా అని పిల్లలు పెద్దవాళ్ళ ఫోనులో వాట్సాప్‌ను కూడా కట్టడిలో పెట్టేస్తున్నారు. అప్పుడు మెసేజి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి యాప్ తెరిస్తేగాని రాదు. అర్జంటుగా రక్తం కావాలని, ఫలానావారు కాలం చేశారు, మధ్యాహ్నం ఎత్తుతారని చెప్పుకునే గ్రూపు ఇది. పొద్దున పెట్టిన చావు కబురు సాయంత్రం చూసినవాడికి ఎనభై శాతం ఛార్జి మిగిలి ఏం ప్రయోజనం?

కాబట్టి ఆ యాప్‌లు తీసేయండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి, ఏ యాప్ ఎంత తింటుందో చూసి, అనవసరమైనదాన్నే కట్టడి చేయండి. వాట్సాప్‌ను వదిలేయండి, అందులో ఫొటోలు, వీడియోలు తమంతట తాము దిగడం మాత్రం ఆపండి. బ్యాటరీ పాతబడి ఉంటే మార్చడమే మందు. గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపేవాళ్ళు రేపటినుంచే మానండి. కాదనేవాళ్ళు కారణం చెప్పి ఇక్కడే జవాబు రాయండి.