ఆకాశపు త్రాడు - వరదకాలపు కర్తవ్యము

గోదావరి పొంగినప్పుడు తీరవాసుల చూపు ఆకాశమువైపు మరలుట యిటీవల పరిపాటి యైనది. 2022 జూలైలో చెన్నూరు మండలము సోమనపల్లిలో నీళ్లట్యాంకుపై చిక్కుకొనిన యిద్దరిని వాయుసేన హెలికాప్టరు పైకి లాగి కాపాడినది. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా నైనపాకలో జె.సి.బి. యంత్రముపై ప్రాణము లరచేత బట్టుకొని నిలిచిన ఆరుగురికిని ఆ సాయమే దక్కినది. ఆ వైమానికులకు మన మందరము కృతజ్ఞులము. అయితే మనుష్యులను లాగిన త్రాడు వరదలో దిగబడిన ట్రాక్టరును సైతము ఒడ్డున కీడ్చునని తలచుట పొరపాటు.

రామగుండము, గోదావరిఖని వారికి వాలున బరువు లాగుట క్రొత్త గాదు. ఇన్‌క్లైను గనులలో బొగ్గుటబ్బులను ఇనుపత్రాటితో లాగిన దినముల నెరిగినవారు నేటికిని కలరు. నాలుగడుగుల కొక యడుగు లేచు వాలుపై, రాపిడిని విడిచినచో, టన్ను బరువునకు సుమారు పావుటన్ను లాగుడు చాలును. మిగిలిన భారమును పట్టాలు మోయును. హాలేజి యంత్రము నేలకు బిగింపబడి యుండును.

ఆకాశమున పట్టాలు లేవు, బిగించుటకు నేలయు లేదు. హెలికాప్టరు తన బరువును తన రెక్కలతోనే మోసికొనవలెను. ప్రక్కకు లాగవలెనన్నచో రెక్కల చక్రము నా దిక్కునకు వంచవలెను. వంచినకొలది పైకి నిలుపు బలము తగ్గును. 30 డిగ్రీలు వంచినచో ఉన్న యెత్తున నిలుచుటకే నూటికి 15 పాళ్లు, 45 డిగ్రీలకు 41 పాళ్లు అధికబలము కావలెను. పైగా వాలుత్రాడు యంత్రమును క్రిందికిని లాగును. ఆ లాగుడు భారకేంద్రమునకు దూరముగ పడినచో యంత్రమే తలక్రిందు కావచ్చును. అందులకే బరువును తత్క్షణమే విడిచివేయు కొక్కెము పైలటు చేతిలో నుండును.

ఈడ్చుట అసాధ్యమని మేమనుట లేదు. 1973లో వియత్నాము హైఫాంగు రేవుకడ అమెరికా నౌకాదళము సముద్రములోని మందుపాతరలను తొలగించుటకు హెలికాప్టర్లచే పడవలవంటి సాధనముల నీడ్పించినది. కాని యవి నీటిపై సాగుటకై నిర్మించినవి, బురదలో పాతుకొనిన బండ్లు కావు. నిలువున మోయుటయు నిరపాయము గాదు. 2024 ఆగస్టు 31న కేదారనాథు చెంత మి-17 క్రింద వ్రేలాడదీసిన, చెడిపోయిన మరియొక హెలికాప్టరు ఊగులాడగా దానిని లోయలో విడువవలసి వచ్చినది.

కావున రైతు సోదరులు తమ మోటార్లను, ట్రాక్టర్లను, పశువులను వరద హెచ్చరిక వచ్చిననాడే మెరకకు జేర్పవలెను. పిలువగనే హెలికాప్టరు రాకపోవచ్చును. మబ్బు గాలి దానికిని అడ్డంకులే. నదియొడ్డు గ్రామమున కొక్కొక్క పడవయు, గట్టి త్రాళ్లును, ఈత నేర్చిన యువకుల దళమును ఏర్పరచుట ప్రభుత్వపు విధి. 2025లో శ్రీశైలము ఎడమగట్టు సొరంగ ప్రమాదమున సేవచేసిన సింగరేణి రక్షణదళములు మనకు చేరువనే యున్నవి. వారి నేర్పును ఈ యువకులకు గరపుట కంపెనీకి పెద్ద భారము గాదు. ఈ పని తొలకరికి పూర్వమే ముగియవలెను.